తన గూడు తాను తుడుచుకునే ఈగ



మన హాస్టల్ వెనక ప్రహరీ గోడను ఆనుకుని ఉన్న ముసలి చింతచెట్టును పూర్వ విద్యార్థులెవరూ మరచిపోయి ఉండరు. పబ్లిక్ పరీక్షలప్పుడు చాపలు పరుచుకుని చదివింది ఆ నీడలోనే. మెస్‌లో పప్పు పలచబడిన రోజున కంచాలు పట్టుకుని అలిగి కూర్చున్నదీ ఆ నీడలోనే. ఆ చెట్టు మానులో, మనిషి ఎత్తుకు కొంచెం పైన ఒక తొర్ర ఉంది. అందులో పుట్టతేనె ఈగలు కాపురం ఉంటున్నాయి. ఎప్పటినుంచో వాచ్‌మన్ తాత కూడా చెప్పలేడు.

కిందటి వార్షికోత్సవానికి వచ్చిన ఒక సీనియర్ అన్నయ్య సభ అయిపోయాక ఆ తొర్ర ముందు చాలాసేపు నిలబడిపోయారు. ఆయనది ఉద్దానం. తండ్రి ఇచ్చిన కొద్దిపాటి జీడితోటలో, అప్పు చేసి కొన్న నాలుగు ఇటలీ తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నారు. మొదటి ఏడాది తేనె బాగానే దిగింది. రెండో వానాకాలం దాటేసరికి మూడు పెట్టెలు ఖాళీ అయిపోయాయి. "నా ఈగలకి పంచదార నీళ్లు పోసినాను, మందు పెట్టినాను, చీమలు పట్టకుండా కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టినాను. అయినా చచ్చిపోయాయి. ఈటికి ఎవులూ ఏటీ పెట్టలేదు. ఇవెలా బతికేస్తన్నాయిరా తమ్ముడూ?" అని మమ్మల్ని అడిగారు.

మాకు జవాబు తెలియలేదు. బైపీసీ చదివేవాళ్లం ఆరుగురం ఉండి కూడా తెల్లమొహం వేశాం. ఆ సిగ్గుతోనే ఈ వ్యాసం మొదలైంది. సంక్రాంతి సెలవుల్లో ఆయన తోటకు వెళ్లాం. అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్న మన పూర్వ విద్యార్థి ఒకరు మాతో వచ్చారు. ఇక్కడ రాస్తున్నదంతా ఆయన చూపించినదీ, తర్వాత మేము చదివి తెలుసుకున్నదీ.

మిగిలిన ఒక్క పెట్టె ముందు నేలమీద ఈగలు పాకుతున్నాయి. ఎగరలేవు. రెక్కలు నలిపి పారేసిన కాగితంలా ముడతలు పడి ఉన్నాయి. అన్న ఒక చట్రం పైకి తీసి, మూత వేసిన గది ఒకటి పుల్లతో తెరిచి, లోపలి తెల్లటి పిల్లను బయటకు లాగారు. దాని పొట్టమీద ఎర్రమట్టి రంగులో చిన్న చుక్క ఉంది. చూస్తుండగానే ఆ చుక్క నడిచింది!

దాని పేరు వరోవా. మన రైతులు మిరపకు, కొబ్బరికి పట్టే నల్లి అంటారే, ఆ జాతిది. మన మంచాల్లో ఉండే నల్లితో దీనికి చుట్టరికం లేదు. ఇది ఎనిమిది కాళ్ల జీవి, సాలీడుకీ పశువుల పిడుదుకీ బంధువు. వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుందేమో. చిన్నదే అనిపిస్తుంది కానీ ఈగ ఒంటికి అది ఎంత పెద్దదంటే, మన వీపుకి అన్నం కంచమంత పురుగు అతుక్కున్నట్టు. అది ఈగ రక్తం పీలుస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఈగ ఒంట్లో మన కాలేయం లాంటి పని చేసే కొవ్వు కణజాలాన్ని ముఖ్యంగా తింటుందని 2019లో అమెరికా పరిశోధకులు చూపించారు. తినడంతో ఆగదు. రెక్కలు వంకరచేసే వైరస్‌ను ఒక ఈగ నుంచి మరో ఈగకు మోసుకుపోతుంది. నేలమీద పాకుతున్న ఈగలు ఆ వైరస్ బాధితులే.

దీని సంసారం మూసిన తలుపుల వెనక సాగుతుంది. పిల్ల ఉన్న గదికి కూలి ఈగలు మైనపు మూత వేయబోయే ముందు తల్లి నల్లి లోపలికి దూరి, పిల్ల కింద ఆహారంలో దాక్కుంటుంది. మూత పడ్డాక గుడ్లు పెడుతుంది. మొదటి గుడ్డు మగది. తర్వాత సుమారు 30 గంటలకొకటి చొప్పున ఆడవి. అన్నదమ్ముడూ అక్కచెల్లెళ్లూ ఆ గదిలోనే జతకడతాయి. ఈగ బయటికి వచ్చే రోజున తల్లీ, ఎదిగిన కూతుళ్లూ దాని ఒంటిమీద ఎక్కి ఊరేగుతూ వస్తాయి. కూలి ఈగ మూత కింద 12 రోజులు ఉంటుంది. పోతు ఈగ ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ ఉంటుంది. ఆ రెండు మూడు రోజుల్లో ఇంకో కూతురు ఎదిగిపోతుంది కనుక నల్లికి పోతు ఈగల గదులంటే ప్రీతి.

ఇక్కడ మన హాస్టల్ సంగతి ఒకటి చెప్పుకోవాలి. గజ్జి మనకు తెలియనిది కాదు. దానికి కారణం కూడా ఇలాంటి ఎనిమిది కాళ్ల పురుగే. ఒక్కడు మందు రాసుకుంటే ఏమవుతుంది? వారం తిరక్కుండా పక్క మంచం వాడి నుంచి మళ్లీ అంటుకుంటుంది. గది మొత్తం ఒకే రాత్రి మందు రాసుకుని, దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండలో ఆరేస్తేనే పోతుంది. తేనెపెట్టె కూడా వేల మంది ఒకే గదిలో పడుకునే హాస్టలే. అక్కడ ఒక్క ఈగ ఆరోగ్యంగా ఉంటే చాలదు. మొత్తం గుంపుకి శుభ్రం చేసుకునే అలవాటు ఉండాలి.

ఆ అలవాటు ఎవరికి ఉంది? మన చింతచెట్టు ఈగకు ఉంది.

వరోవా అసలు పుట్టిల్లు మన ఆసియా ఈగ గూడే. పుట్టతేనె, తొర్రతేనె అని మనం పిలిచే ఈ ఈగ జాతి ఇక్కడినుంచి జపాన్ దాకా ఉంది. 1904లో జావా దీవిలో ఈ జాతి ఈగ గూట్లో దొరికిన నల్లిని చూసి, హాలెండ్ శాస్త్రవేత్త ఔడెమాన్స్ తొలిసారి దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. ఐరోపా, ఆఫ్రికా ఈగకు అప్పటికి దీని మొహం తెలియదు. మనుషులు తేనె ఎక్కువిచ్చే ఐరోపా ఈగను తూర్పు దేశాలకు తెచ్చి రెండింటినీ పక్కపక్కన పెట్టాక నల్లి గూడు మార్చింది. 1970లలో ఐరోపా, 1987లో అమెరికా, 1992లో ఇంగ్లండు, 2000లో న్యూజిలాండ్. ఆఖరికి ఆస్ట్రేలియా మిగిలితే అక్కడా 2022 జూన్‌లో కనిపించింది. వేలాది పెట్టెలను చంపి ఆపాలని చూశారు. 2023 సెప్టెంబరులో చేతులెత్తేశారు. ఇంతమందిని చంపుతున్న నల్లి జావాలో చూసిన దానికి దగ్గరి బంధువేగాని అదే కాదని 2000లో తేలింది. దానికి 'విధ్వంసకారి' అనే అర్థం వచ్చే శాస్త్రీయ నామం పెట్టారు.

మన దేశంలో ఇటలీ ఈగ నిలదొక్కుకున్నది 1960ల మొదట్లో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో. అంతకుముందు చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి. ఆ ఈగను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పుట్టతేనె పెట్టె ఏడాదికి అయిదు నుంచి పది కిలోలిస్తే, బాగా పూత ఉన్నచోట్లకు తిప్పుతూ పెంచిన ఇటలీ పెట్టె పాతిక ముప్పై కిలోలు ఇస్తుంది. అప్పు తీర్చాల్సినవాడు దేన్ని ఎంచుకుంటాడు? మా అన్నయ్య చేసింది తెలివితక్కువ పని కాదు. ఆ ఈగతో పాటు రావలసిన జాగ్రత్తలు ఆయనకు అమ్మినవాడు చెప్పలేదు, అంతే.

మన ఈగ ఏం చేస్తుందో 1980లలో గాజు పెట్టెల్లో పెట్టి చూశారు. ఒంటిమీద నల్లి ఎక్కగానే ఈగ ఒళ్లు విదిలిస్తుంది, కాళ్లతో దువ్వుకుంటుంది. తనకు అందకపోతే ఒకరకంగా ఊగుతూ పక్కవాళ్లను పిలుస్తుంది. వాళ్లు వచ్చి దవడలతో పట్టి లాగేస్తారు. అచ్చం మన అమ్మలు వీధి అరుగుమీద ఒకరి వెనక ఒకరు కూర్చుని పేలు చూసుకున్నట్టు! మొదట్లో రాసినంత గొప్పగా ప్రతి నల్లినీ పట్టేయదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పని జరుగుతుంది, అంతవరకు నిజం.

అంతకంటే గట్టి రక్షణ పిల్ల గదుల్లో ఉంది. నల్లి పట్టిన కూలి ఈగ పిల్లను మన ఈగలు వాసనతో కనిపెట్టి, మూత తీసి, పిల్లను లాగి బయట పారేస్తాయి. ఆ పిల్ల కూడా నల్లి కాటుకు తట్టుకోకుండా తొందరగా చచ్చిపోతుంది. వినడానికి ఇది బలహీనతలా ఉంటుంది. కానీ పిల్ల తొందరగా చచ్చిపోవడం వల్ల నల్లికి కూతుళ్లను ఎదగనిచ్చే వ్యవధి దొరకదు. దానివల్ల మన ఈగ గూట్లో నల్లి పోతు ఈగల గదుల్లో మాత్రమే పిల్లల్ని కనగలుగుతోంది. పోతులు ఏడాది పొడుగునా ఉండవు కదా.

పోతు గదుల కథ ఇంకా విచిత్రం. వాటి మూత గట్టిగా, టోపీలా ఉబ్బి, నడిమధ్యన సూది బెజ్జమంత రంధ్రంతో ఉంటుంది. లోపలి పోతుకు రెండు మూడు నల్లులు పట్టి అది నీరసిస్తే ఆ గట్టి మూతను తెంచుకుని రాలేదు. కూలి ఈగలు దాన్ని తీయవు. పైగా రంధ్రం మూసేస్తాయి. చచ్చిన పోతుతో పాటు నల్లీ, నల్లి సంతానమూ లోపలే సమాధి. ఈ సంగతి చదివిన రోజు మాలో ఒకడు రాత్రి భోజనం సరిగా తినలేదు.

ఇంకొకటి ఉంది. పుట్టతేనె ఈగను పెట్టెలో పెట్టినవాళ్లందరూ దానిమీద చెప్పే నేరం "చెప్పాపెట్టకుండా లేచిపోతుంది" అని. నిజమే. మేత తగ్గినా, పురుగు ముదిరినా గూడు వదిలి గుంపంతా ఎగిరిపోతుంది. అయితే వెళ్లేటప్పుడు పిల్ల పట్టును వదిలేసి వెళుతుంది. మూతల కింద ఉన్న నల్లులన్నీ ఆ పాడుబడ్డ ఇంట్లోనే ఉండిపోతాయి. పెంచేవాడికి నష్టమైన గుణం ఈగకు మందు అన్నమాట.

సీతంపేట కొండల్లో మన హాస్టల్ మిత్రుడి తాతగారు ఇంకో ఈగ సంగతి చెప్పారు. కొండ చరియలకు, పెద్ద మద్దిచెట్లకు వేలాడే పెరతేనె. ఆయన యవ్వనంలో తాళ్లు కట్టుకుని దాని తేనె తీసి సంతలో గిరిజన సహకార సంస్థ వాళ్లకు తూచేవారు. ఆ సంస్థ 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడింది, ఇప్పటికీ కొండ తేనె కొంటోంది. "ఆ ఈగలు మా ఊరు వత్తాయి, పూత అయిపోతే ఎలిపోతాయి. అర ఉత్తిదే ఉండిపోద్ది" అన్నారు తాతగారు. ఆ వలసకూ మన కథకూ సంబంధం ఉంది. ఈ పెద్ద ఈగకు పట్టే నల్లి వేరు, ట్రోపిలేలాప్స్ అంటారు. వరోవా కంటే చిన్నది, సన్నగా పొడుగ్గా ఉండి పట్టుమీద చురుగ్గా పరుగెడుతుంది. మన దేశంలో ఇటలీ పెట్టెలను వరోవా ఎంత పాడుచేస్తుందో ఇదీ అంతే పాడుచేస్తుంది. కానీ దీనికొక లోపం ఉంది. పెద్ద ఈగ చర్మాన్ని ఇది కుట్టలేదు, పిల్లను మాత్రమే తినగలదు. పిల్లలు లేని చోట రెండు మూడు రోజులకు మించి బతకదు. పెరతేనె గుంపు పిల్ల పట్టును వదిలి వలస వెళ్లినప్పుడల్లా ఈ నల్లి ఆకలితో చస్తుంది. ఇటలీ ఈగ మన దగ్గర ఏడాదంతా పిల్లల్ని పెంచుతూనే ఉంటుంది. నల్లికి రోజూ విందే.

ఇది తెలిసినవాళ్లు ఇటలీ పెట్టెలో రాణి ఈగను చిన్న జాలీ పంజరంలో సుమారు 3 వారాలు బంధిస్తారు. గుడ్లు ఆగిపోతాయి. ఉన్న పిల్లలు ఈగలై బయటికి వచ్చేస్తాయి. పిల్లలు లేని ఆ కొద్ది రోజుల్లో ట్రోపిలేలాప్స్ చస్తుంది. వరోవా దాక్కునే మూతలు లేక మందుకు చిక్కుతుంది. మా అన్నయ్య ఇప్పుడు ఆ నాలుగో పెట్టెకు చేస్తున్నది ఇదే. మందు పట్టీలు మాత్రమే నమ్ముకుంటే, ఏళ్ల తరబడి ఒకే మందు వాడిన చోట నల్లి దానికి అలవాటు పడిపోయింది. ఆ మందు మైనంలోనూ మిగిలిపోతుంది.

మన ఈగకు యుగాలుగా అబ్బిన ఈ గుణాన్ని ఇటలీ ఈగకు నేర్పగలమా? బయటి దేశాల శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా చేస్తున్న పని అదే. నేర్పడం కుదరదు, ఏరుకోవడం ఒక్కటే దారి. మన ముత్తవ్వలు కళ్లంలో నిలబడి బాగా పండిన చేలోనుంచి మంచి కంకులు ఏరి విత్తనానికి దాచినట్టుగా.

1964లో అమెరికాలో రోథెన్‌బులర్ అనే ఆచార్యుడు ఒక విషయం గమనించాడు. కొన్ని గుంపులు గదిలో చచ్చిన పిల్ల ఉంటే మూత తీసి బయట పడేస్తున్నాయి. కొన్ని పట్టించుకోవడం లేదు. రెండు రకాలనూ సంకరం చేస్తే కొన్ని మూత తీసి ఊరుకున్నాయి, కొన్ని ఎవరైనా మూత తీసిపెడితే పిల్లను మోసుకుపోయాయి! తీయడం ఒక గుణం, పారేయడం ఇంకొక గుణం అన్నాడాయన. అంత సులువు కాదనీ, చాలా జన్యువులు కలిసి పనిచేస్తాయనీ తర్వాత తెలిసింది. ఇలాంటి శుభ్రత గుణమున్న గుంపులను మిన్నెసోటాలో మార్లా స్పివాక్ అనే ఆవిడ ఏళ్ల తరబడి ఏరి పెంచారు.

లూసియానాలోని ప్రభుత్వ ప్రయోగశాలలో 1990లలో హార్బో, హారిస్ అనే ఇద్దరికి ఇంకో వింత ఎదురైంది. కొన్ని గుంపుల్లో నల్లులు ఉన్నాయి కానీ పిల్లలు పెట్టడం లేదు. నల్లికి గొడ్డుతనం తెప్పిస్తున్న ఈగలు దొరికాయనుకుని అలాగే పేరు పెట్టారు. కొన్నేళ్లకు అసలు సంగతి బయటపడింది. గుడ్లు పెట్టిన నల్లి ఉన్న గదులనే ఈగలు వెతికి ఖాళీ చేస్తున్నాయి. గుడ్లు పెట్టని నల్లి గదులు మిగిలిపోతున్నాయి. మిగిలినవాటిని లెక్కపెట్టి వీళ్లు మోసపోయారు. పేరు మార్చుకున్నారు. తప్పు ఒప్పుకుని పేరు మార్చుకోవడం మాకు నచ్చింది, అందుకే ఇంత వివరంగా రాశాం.

స్వీడన్‌లో మరీ కఠినమైన పని చేశారు. 1999లో గోట్లాండ్ దీవి కొసన 150 గుంపులు పెట్టి, ఏ మందూ వేయకుండా వదిలేశారు. మొదటి మూడేళ్లలో చాలా భాగం చచ్చిపోయాయి. మిగిలిన కొద్ది గుంపులు నల్లితో కలిసి బతకడం నేర్చుకుని నిలబడ్డాయి. శాస్త్రానికి ఇది గొప్ప విషయమే. కానీ నాలుగు పెట్టెలు అప్పుతో కొన్నవాడికి "చచ్చేవి చావనీ, బతికినవి ఉంచుకో" అని సలహా ఇవ్వగలమా? అతని దగ్గర ఒక్కటి కూడా మిగలకపోవచ్చు.

ఏరుకోవడంలో అసలు చిక్కు పెళ్లి దగ్గర వస్తుంది. వరి విత్తనం మన చేతిలో ఉంటుంది. ఆబోతునైనా కట్టేసుకోవచ్చు. రాణి ఈగ పెళ్లి ఆకాశంలో జరుగుతుంది. పుట్టిన కొద్ది రోజులకు ఎగిరి వెళ్లి, పది ఇరవై పోతులతో గాలిలోనే జతకట్టి వస్తుంది. ఆ పోతులు మూడు నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరి గుంపులవైనా కావచ్చు. అంటే తల్లిని మనం ఎంచుకున్నా తండ్రులను ఊరు ఎంచుతుంది. 1920లలో సూక్ష్మదర్శిని కింద రాణికి కృత్రిమ గర్భధారణ చేసే పద్ధతి కనిపెట్టారు గానీ అది మన పల్లెలో అయ్యే పని కాదు. పోనీ ఒకే గుంపు నుంచి రాణులనూ పోతులనూ పెంచేద్దామంటే మేనరికం ముదిరి ఇంకో ప్రమాదం వస్తుంది. రక్తసంబంధం దగ్గరైతే సగం దాకా గుడ్లు చెల్లని పోతులుగా మారతాయి. కూలి ఈగలు వాటిని పిల్లలుగా ఉన్నప్పుడే తినేస్తాయి. పట్టు చిల్లులు చిల్లులుగా కనిపిస్తుంది. పది పన్నెండు ఇళ్లవాళ్లు కలిసి, తలా రెండు మూడు పెట్టెలు పెట్టుకుని, వాటిలో బాగా తుడుచుకునే గుంపుల రాణుల నుంచే కొత్త పెట్టెలు కట్టుకుంటూ, తుడుచుకోనివాటి రాణులను తీసేస్తూ వస్తే, ఊరి గాలిలో ఎగిరే పోతులు కూడా మెల్లగా మారతాయి. పోతు ఈగకు తండ్రి ఉండడు, తల్లి గుణమే పూర్తిగా దానిది. కనుక తల్లులను మారిస్తే చాలు. ఒక్కడే చేస్తే మాత్రం కుదరదు, గజ్జి మందు లాగే.

మన ఈగకు నల్లి బెడద లేదు కదా, మనకెందుకు ఈ ఏరుకోవడం అని మీరడగవచ్చు. మన ఈగ నల్లిని గెలిచింది గానీ అన్నిటినీ గెలవలేదు. 1976లో థాయిలాండ్‌లో ఒక వైరస్ కనిపించింది. దాన్ని థాయి సాక్‌బ్రూడ్ అంటారు. పిల్ల గదిలో తల పైకి పెట్టి, నీళ్లు నింపిన సంచిలా ఉబ్బి చచ్చిపోతుంది. 1978 ప్రాంతంలో మన ఈశాన్య రాష్ట్రాల్లో చూశారు. 1991, 1992లలో దక్షిణ భారతమంతా పాకింది. పెట్టెల్లో పెంచుతున్న పుట్టతేనె గుంపుల్లో తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాతే చాలామంది ఇటలీ ఈగ వైపు తిరిగారు. అయినా ఈ జాతి అంతరించలేదు. అడవుల్లో, తొర్రల్లో కొన్ని గుంపులు మిగిలాయి. కొన్నేళ్లలో అవే మళ్లీ పెరిగాయి. జబ్బు పిల్లను తొందరగా కనిపెట్టి పారేసే శుభ్రత ఈ జబ్బుకూ పనికొచ్చే గుణమే.

ఇప్పుడు మన చింతచెట్టు తొర్ర వైపు మళ్లీ చూడండి. ఎవరూ ఏటీ పెట్టకుండా ఇన్నేళ్లు నిలబడిన గుంపు అది. విత్తనపు కంకి అంటే అదే. అలాంటి గుంపును మన ఊళ్లలో ఏం చేస్తున్నాం? రాత్రిపూట గడ్డి దివిటీ పెట్టి కాల్చి, పిల్ల పట్టుతో సహా పిండుకుంటున్నాం. మేము కూడా చేశాం, తొమ్మిదో తరగతిలో ఉండగా, ఊరి చివర తాటితోపు దగ్గర. ఇద్దరికి మొహాలు వాచాయి. వచ్చిన తేనె గ్లాసుడు కూడా లేదు. మర్నాడు అక్కడ చీమలు తప్ప ఏమీ లేవు. సీతంపేట తాతగారికి ఈ సంగతి చెబితే ఆయన మమ్మల్ని తిట్టలేదు. "పిల్లల అర కొయ్యకూడదు బాబూ. తేనె ఉన్న అరే కొయ్యాల. తల్లిని సంపేత్తే వచ్చే ఏడు ఏటి తింతావు?" అని మాత్రం అన్నారు.

తొర్రలు కూడా తగ్గిపోతున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు ఎలా కూలాయో ఆ ఊళ్ల మన మిత్రులకు వేరే చెప్పక్కర్లేదు. ముసలి చెట్లతో పాటు తొర్రలూ పోయాయి. తర్వాత నాటిన మొక్కలకు తొర్ర రావాలంటే ఇంకా చాలా ఏళ్లు కావాలి. ఈలోగా జీడిపూత మీద దోమ మందు కొట్టేవాళ్లు ఈగలు తిరిగే పొద్దున్న కాకుండా సాయంత్రం కొట్టినా కొంత మేలు. మా అన్నయ్య ఈ మాట ఊళ్లో చెప్పి ఇద్దరు ముగ్గురిని ఒప్పించారు.

ఏ గుంపు బాగా తుడుచుకుంటుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. సన్నని సూది చాలు. పట్టుమీద మూత వేసిన పిల్ల గదులు దగ్గరదగ్గరగా ఉన్నచోట యాభయ్యో వందో ఎంచుకోవాలి. మూత మధ్యలోంచి సూది గుచ్చి లోపలి పిల్లను చంపి, చట్రం మళ్లీ పెట్టెలో పెట్టేయాలి. సరిగ్గా 24 గంటలకు తీసి, ఎన్ని గదులు ఖాళీ అయ్యాయో లెక్కపెట్టాలి. నూటికి తొంభై అయిదు ఖాళీ అయితే మంచి గుంపు. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. మేత లేని రోజుల్లో మంచి గుంపు కూడా బద్ధకిస్తుంది కనుక కొన్ని వారాల తేడాతో రెండు మూడు సార్లు చూడాలి. ద్రవ నైట్రోజన్ పోసి పిల్లలను గడ్డకట్టించే పద్ధతి ఇంకా కచ్చితమైనది. మా కెమిస్ట్రీ ల్యాబులో స్పిరిట్ దీపానికి స్పిరిటే ఉండదు కనుక సూదితోనే సరిపెట్టుకున్నాం.

అన్నయ్య ఊళ్లో ఇద్దరి దగ్గర పుట్టతేనె పెట్టెలు ఉంటే వారిని అడిగి ఈ పరీక్ష చేశాం. ఒక పెట్టెలో మర్నాటికి రెండు మూడు గదులు తప్ప అన్నీ ఖాళీగా, అద్దంలా తుడిచి ఉన్నాయి. రెండో పెట్టెలో సగానికి సగం అలాగే ఉన్నాయి, మూతకు పొడిచిన బెజ్జాలు మాత్రం శ్రద్ధగా మైనంతో పూడ్చిపెట్టాయి! రెండూ ఒకే తోటలో, ఇరవై అడుగుల దూరంలో ఉన్న పెట్టెలే. రెండో పెట్టె యజమాని ముందు నవ్వేశారు, తర్వాత ఆలోచనలో పడ్డారు. ఆ పెట్టె రాణిని మార్చి, మొదటి పెట్టె నుంచి పెంచిన రాణిని ఇస్తానని పక్కాయన ఒప్పుకున్నారు. జీడిపూత అయ్యాక మార్చాలని అనుకున్నారు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఊళ్లో గాని, మీరు పనిచేసే బడి, ఆఫీసు ఆవరణలో గాని, చాలా ఏళ్లుగా కదలకుండా ఉన్న పుట్టతేనె గుంపు ఎక్కడుందో ఈ సంచిక అందాక హాస్టల్‌కు ఒక కార్డు రాయండి. ఊరు పేరు, ఏ చెట్టో ఏ గోడో, ఎన్నేళ్లుగా చూస్తున్నారో రాస్తే చాలు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి, అంటే 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఆ కొండ ఊళ్ల నుంచి వచ్చే తమ్ముళ్లు ఇప్పటికే అయిదు చోట్లు చెప్పారు. వాటిని పటంలో గుర్తుపెట్టి స్టడీ హాల్ గోడకు అంటించాం. ఎవరైనా దూర ప్రాంతాల నుంచి కొత్త ఈగలను పెట్టెలతో తెప్పించాలనుకుంటే, తెచ్చే ముందు ఒక చట్రం తీసి పోతు గదులు తెరిచి చూడమని చెప్పండి. ఎర్రచుక్క నడుస్తుందేమో చూసి అప్పుడు డబ్బు ఇవ్వమనండి.

చింతచెట్టు తొర్ర ముందు ఇప్పుడు చిన్న కంచె కట్టాం. మూడడుగుల అవతల నిలబడి ఎవరైనా చూడవచ్చు. పొద్దున్న తొమ్మిదింటికి, మనం టిఫిను ముగించి కాలేజీకి బయలుదేరే వేళకి, ఈగలు చచ్చిన పిల్లలను దవడలతో పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చి కిందికి జారవిడవడం కనిపిస్తుంది. కింద పడిన ఒక పిల్లను నిన్న భూతద్దంతో చూశాం. మెడ దగ్గర ఎర్రచుక్క ఉంది.